సమాధియొద్ద సంఘము
(సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు కూడుకొన్న సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన మండలము నూరు సంవత్సరములు పూర్తిచేసికొన్న ఈ సంతోష సమయమున పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, సువార్త సేవను గూర్చి మాటలాడువారు అనేకులు కలరు. మాకు ఇయ్యబడిన అంశము మరణము, దుఃఖము, నిరీక్షణ. పండుగ పూట ఈ మాట ఏల అని కొందరికి తోచవచ్చును. అయితే ఏ పాత సంఘమునకు పోయి బీరువా తెరచి చూచినను మూడు రిజిస్టర్లు కనబడును. ఒకటి బాప్తిస్మములది, ఒకటి వివాహములది, ఒకటి భూస్థాపనలది. మొదటి రెండింటిని మనము సంతోషముతో చూపుదుము. మూడవదానిని అవసరము పడినప్పుడు మాత్రమే బయటికి తీయుదుము. అందులో పేరు, వయస్సు, మరణించిన తేది, భూస్థాపన చేసిన తేది, గురువుగారి సంతకము ఉండును. ఒక్కొక్క వరుస వెనుక ఒక ఇల్లు కలదు. ఆ దినమున ఆ ఇంటికి సంఘము పోయి ఏమి చెప్పెనో, ఏమి చేసెనో రిజిస్టరులో వ్రాయబడలేదు. దానిని గూర్చియే నేడు మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. పునరుత్థాన నిరీక్షణ దుఃఖించువారి నోరు మూయుటకు దేవుడిచ్చిన సాధనము కాదు. దుఃఖించువారితో కూడ ఏడ్చుటకును, వారి భారము మోయుటకును సంఘమునకు ధైర్యము కలుగవలెనని ఆయన దానిని ఇచ్చియున్నాడు.

ఒకే మాటకు రెండు జవాబులు

యోహాను సువార్త 11వ అధ్యాయము మనకు కంఠస్థమే. భూస్థాపన ఆరాధనలో మొట్టమొదట వినబడు ప్రభువు మాట ఆ అధ్యాయములోనిదే. బేతనియలో లాజరు చనిపోయి నాలుగు దినములైనది. ఇంటినిండ జనము. యేసు వచ్చుచున్నాడని విని మార్త ఎదురుగా పోయినది. ఆయన ముందుగా వచ్చియుండినయెడల తన సహోదరుడు చావకుండెడివాడని ఆమె అన్నది. కొంతసేపటికి మరియ వచ్చి ఆయన పాదములమీద పడి అదే మాట అన్నది. ఇద్దరి మాట ఒక్కటే. జవాబులు మాత్రము రెండు. మార్తకు ప్రభువు తాను పునరుత్థానమును జీవమునై యున్నానని బోధించెను. మరియకు బోధ చేయలేదు. ఆమె ఏడ్చుట చూచి కలవరపడి, సమాధి ఎక్కడ అని అడిగి, తానును కన్నీరు విడిచెను.

మార్తకు మాట కావలసియుండెను, మరియకు తోడు కావలసియుండెను. ఆదరించుటకు పోవువారు మొదట నేర్చుకొనవలసిన పాఠమిది. ఒకే ఇంటిలో భార్యకు ఒక విధమైన ఆదరణ, తల్లికి మరియొక విధమైన ఆదరణ అవసరమై యుండవచ్చును. గుమ్మములో అడుగు పెట్టీ పెట్టకముందే వాక్యము చదువ నారంభించువారు ఈ భేదమును గమనింపరు.

ఇంకొక సంగతి చూడుడి. కొద్ది నిమిషములలో లాజరు బ్రతికి వచ్చునని ప్రభువు ఎరుగును. అయినను ఏడ్చెను. పునరుత్థానము రేపో మాపో కాదు, ఆ ఘడియలోనే జరుగనైయున్నదని తెలిసిన ఆయనయే ఏడ్చినప్పుడు, ఎప్పుడు జరుగునో తెలియక విశ్వాసముతో కనిపెట్టుచున్న మనము ఏడ్వరాదని ఎవరు చెప్పగలరు?

నిద్ర అను మాట

మన తెలుగు క్రైస్తవుల ఇండ్లలో మరణమును తెలుపుటకు మంచి మాటలున్నవి. ప్రభువునందు నిద్రించిరి అందుము, ప్రభువు పిలుపు నందుకొనిరి అందుము, మహిమలో ప్రవేశించిరి అందుము. కార్డులమీద, సమాధి రాళ్లమీద ఈ మాటలే వ్రాయింతుము. నిద్ర అను మాట అపొస్తలుల కాలమునాటిది. ఆంగ్లములో సమాధుల తోటకు వాడు సెమెటరీ అను మాట కూడ నిద్రించు స్థలము అను అర్థముగల గ్రీకు పదము నుండి వచ్చినదే. నిద్రపోయినవాడు లేచును గనుక ఆ మాటలో మన విశ్వాసమంతయు ఇమిడియున్నది.

అయితే ప్రభువు లాజరు నిద్రించుచున్నాడని మొదట చెప్పెను. శిష్యులు ఆ మాటను సరిగా గ్రహింపనప్పుడు లాజరు చనిపోయెనని స్పష్టముగా చెప్పెను. రెండు మాటలును ఆ నోటినుండియే వచ్చినవి. పౌలు కూడ నిద్రించినవారిని గూర్చి వ్రాసిన ఆ కొరింథీ పత్రికలోనే మరణమును కడపటి శత్రువు అని పిలిచెను. శత్రువును శత్రువనియే పిలువవలెను.

ఇది ముఖ్యముగా పిల్లల విషయములో మనము గుర్తుంచుకొనవలసిన సంగతి. తండ్రి చనిపోయిన పిల్లవానితో నాన్న ఊరికి వెళ్లినాడు, వచ్చునులే అని చెప్పువారు కలరు. ఆ పిల్లవాడు గుమ్మములో కూర్చుండి ఎదురుచూచును. నిద్రపోయినాడని మాత్రము చెప్పినయెడల, రాత్రి పడుకొనుటకు భయపడు పిల్లలు కూడ కలరు. నాన్న చనిపోయినాడు, ఇక ఈ ఇంటికి రాడు, మనకందరికిని ఏడ్పు వచ్చుచున్నది, ప్రభువు నాన్నను విడువడు, నిన్నును విడువడు అని ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పుట మేలు. పిల్లలు నిజమును మోయగలరు. వారు మోయలేనిది మాటుమాటున జరుగు గుసగుసలను.

ఏడ్చుట అవిశ్వాసమా?

మన పల్లెలలో స్త్రీలు శవము చుట్టు కూర్చుండి శోకములు పెట్టి ఏడ్తురు. పోయినవారు ఎట్లు కష్టపడిరో, ఎవరికి పెట్టిరో, ఏమి కోరి తీరకపోయిరో వరుసగా చెప్పుకొని ఏడ్తురు. అది చూచి విశ్వాసులు ఈలాగు ఏడ్వరాదని గద్దించు పెద్దలు కొందరు కలరు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికను, నాలుగవ అధ్యాయమును వారు చూపుదురు. అచ్చట పౌలు దుఃఖపడవద్దని వ్రాసి ఊరకుండలేదు; నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని వ్రాసెను. నిరీక్షణ గలవారికిని దుఃఖము కలదు. ఆ దుఃఖమునకు ఒక అంతము కలదు, భేదము అంతే.

లేఖనములు చూడుడి. అబ్రాహాము శారా కొరకు ఏడ్చెను. యాకోబు కొరకు ఐగుప్తులో 70 దినములు ఏడ్చిరి. కనానునకు తీసికొనిపోయి ఆటదు కళ్లమునొద్ద మరల 7 దినములు అంగలార్చిరి. అహరోను కొరకు 30 దినములు, మోషే కొరకు 30 దినములు ఇశ్రాయేలీయులు దుఃఖించిరి. స్తెఫను ఆకాశము తెరవబడుట చూచి మహిమతో చనిపోయెను. అయినను భక్తిగల మనుష్యులు అతని సమాధిచేసి మిక్కిలి ప్రలాపించిరని అపొస్తలుల కార్యములలో చదువుదుము. కీర్తనలలో 88వది చీకటిలోనే ముగియును. దేవుడు దానిని తన గ్రంథములోనుండి తీసివేయింపలేదు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె తమకు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. మన స్త్రీల శోకములు కూడ అట్టివే. ఇదిగో ఆమె కుట్టిన బట్ట అని చూపుటయే ఆ ఏడ్పులోని అర్థము. వేదిక వేసి, శాలువలు కప్పి, ఎనిమిదిమంది ఒకరి తరువాత ఒకరు చేయు పొగడ్తలకంటె ఆ సాక్ష్యము శ్రేష్ఠమైనదని మా అభిప్రాయము. 1662 నాటి ఆంగ్లేయ సంఘ ప్రార్థనా గ్రంథములోని భూస్థాపన క్రమమును పరిశీలించినయెడల 39, 90 కీర్తనలు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయ పాఠము, ప్రార్థనలు కనబడును. చనిపోయినవారిని పొగడు భాగము దానిలో లేనేలేదు. పెద్ద ఉద్యోగికిని, పాలేరుకును ఒకే క్రమము, అవే మాటలు, అదే పిడికెడు మన్ను. ఆ సమానత్వములో గొప్ప ఆదరణ కలదు.

చెప్పకూడని మాటలు

యోబు స్నేహితులు ముగ్గురు దూరమునుండి వచ్చి, అతనితో కూడ నేలమీద 7 పగళ్లు, 7 రాత్రులు మౌనముగా కూర్చుండిరి. ఆ ఏడు దినములు వారు మంచి ఆదరణకర్తలే. నోరు తెరచిన తరువాత చెడిపోయిరి. యోబు కష్టమునకు కారణము అతని పాపమే అని నిరూపింప జూచిరి. గ్రంథము చివర దేవుడు కోపించినది వారిమీదనే.

మరణము జరిగిన ఇంటిలో ఇప్పటికిని వినబడు మాటలు కొన్ని కలవు. ప్రార్థన చాలలేదు. విశ్వాసముంటే స్వస్థత కలిగియుండును. ఆ ఇంటిలో ఏదో దాగిన పాపమున్నది. దేవునికి మంచి పువ్వు కావలసి కోసికొనినాడు. మొదటి మూడును నిందలు. నాలుగవది తీయగా వినబడును గాని, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి దేవుని దొంగగా చూపును. సిలోయములో గోపురము పడి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులా అని ప్రభువు అడిగి, కాదని తానే జవాబు చెప్పెను. ఆయన మూసిన తలుపును మనము తెరువరాదు.

తన ప్రాణము తాను తీసికొన్నవారి విషయము ఇంకను సున్నితమైనది. అప్పుల బాధతో పురుగులమందు త్రాగిన రైతు, పరీక్ష తప్పి ప్రాణము తీసికొన్న విద్యార్థి మన సంఘములలోను కలరు. 1662 నాటి క్రమము అట్టివారికి ఆ ఆరాధన జరుపరాదని శాసించినది. ఆ కాలపు భయము అట్టిది. నేడు మనకు మనస్సు రోగములను గూర్చి ఎక్కువ తెలియును. 2017 నాటి మన దేశపు మానసిక ఆరోగ్య చట్టము కూడ, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారని భావించి, వారిని శిక్షింపక ఆదుకొనవలెనని చెప్పుచున్నది. న్యాయశాసనమే అంత కనికరము చూపుచుండగా, కృపను ప్రకటించు సంఘము ఆ ఇంటివారిని గుడి వెనుక నిలువబెట్టుట తగునా? తీర్పు తీర్చువాడు ఒక్కడే. మన యెదుట నున్నది ఏడ్చుచున్న తల్లి. గంట మ్రోగింపుడి, కీర్తన పాడుడి, శవపేటికకు భుజమియ్యుడి.

పేరులేని సమాధులు

మన తీర ప్రాంతములు రెండు మహా ఉప్పెనలను ఎరుగును. 1864 నవంబరు 1న మచిలీపట్నమును సముద్రము ముంచినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినప్పుడు దాదాపు 10,000 మంది చనిపోయినట్లు ప్రభుత్వము లెక్క చెప్పినది. ఎవరి శవము ఎవరిదో గుర్తింప వీలులేక అనేకులను ఒకే చోట పూడ్చిరి, ఒకే చితిమీద కాల్చిరి. అట్టివారికి సమాధి రాయి లేదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వచ్చినప్పుడు మరియొక విధమైన శ్రమ కలిగెను. 2020 లాక్‌డౌన్ కాలమున అంత్యక్రియలకు 20 మందికి మించి కూడరాదని ప్రభుత్వము ఉత్తరువు చేసినది. తండ్రి ముఖము చూడలేదు, తల్లిమీద మన్ను వేయలేదు అను బాధ ఇప్పటికిని అనేక కుటుంబములలో మానని పుండుగా ఉన్నది.

ఇట్టివారికి మేము చెప్పునదేమనగా, ఆలస్యమైనను దుఃఖించుటకు సంఘము తావు ఇయ్యవలెను. నవంబరు 2న గాని, మరియొక ఆదివారమున గాని, సమాధిలేనివారి పేర్లును చదివి ప్రార్థించు ఆరాధన ప్రతి సంఘములోను జరుగవచ్చును. సముద్రము తనలోనున్న మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథములో వ్రాయబడియున్నది. మనము వారి చోటు ఎరుగము, ప్రభువు ఎరుగును.

పదకొండవ దినము తరువాత

ప్రియులారా, నిరీక్షణకు పరీక్ష భూస్థాపన దినమున జరుగదు. ఆ దినమున అందరును వత్తురు. ఆదరణ కూడిక ముగిసి, టెంటు విప్పి, వంటపాత్రలు తిరిగి అప్పగించిన తరువాత మిగిలినవారు ఎవరు? ఒక విధవరాలు, ఇద్దరు పిల్లలు, కిరాణా కొట్టులో బాకీ.

ఆ బాకీని గూర్చి చెప్పక తప్పదు. ఆదరణ కూడికకు వందలమందికి భోజనము పెట్టనియెడల పరువు పోవునని అప్పు చేయు కుటుంబములు కలవు. మార్త ఇంటికి ఆదరించుటకు వచ్చినవారు ఆమెను అప్పులపాలు చేసినట్లు మనము చదువము. దుఃఖములో నున్న ఇంటికి అన్నము తీసికొని పోవలెను గాని, అచ్చటికి తినుటకు పోరాదు. చుట్టుపక్కల ఇండ్లవారు వండి తెచ్చి పెట్టు మంచి ఆచారము మన పల్లెలలో ఎప్పటినుండియో కలదు. దానిని మరల బలపరచుదము.

విధవరాలి గాజులు పగులగొట్టుట, బొట్టు చెరిపివేయుట, మెట్టెలు తీయించుట, శుభకార్యములలో ఆమెను ఎదురు రానీయకుండుట కొన్ని క్రైస్తవ కుటుంబములలోను ఇంకను జరుగుచున్నది. ఇది సువార్తకు విరోధము. క్రీస్తు నాయీను విధవరాలిని చూచి కనికరపడి, పాడెను ముట్టి, కుమారుని బ్రతికించి ఆమెకు అప్పగించెను. ఆది సంఘములో మొదట పుట్టిన సణుగు విధవరాండ్ర భోజనమును గూర్చినది. దానిని తీర్చుటకు ఏర్పరచబడిన ఏడుగురిలో ఒకడే స్తెఫను. తండ్రియైన దేవుని యెదుట నిష్కళంకమైన భక్తి యేదో చెప్పుచు యాకోబు మొదట పేర్కొన్నది అనాథలను, విధవరాండ్రను. భర్త పోయిన స్త్రీ గాజులు వేసికొనుటయు మానుటయు ఆమె ఇష్టము. ఆమె చేతిని పట్టి విరుగగొట్టుటకు ఎవరికిని అధికారము లేదు. పెండ్లిలో ముందు వరుసలో ఆమెను కూర్చుండబెట్టుడి.

ఇక భూమి విషయము. వాగ్దాన దేశములో అబ్రాహాము వెలయిచ్చి కొన్న మొదటి నేల శారా సమాధి కొరకే. ఊరి గవినియొద్ద సాక్షుల యెదుట 400 తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను, పొలమును కొనెను. నేడు మన పల్లె సంఘములు అనేకములకు తమదని చెప్పుకొనదగిన సమాధి స్థలము లేదు. కాలువ గట్టుమీదనో, వాగు ఒడ్డుననో పూడ్చుచున్నారు. వర్షాకాలమున శవమును మోసికొని పోవుటకు దారియు ఉండదు. ఉన్నచోట్ల కాగితములు సరిగా లేక, ప్రహరీ లేక ఆక్రమణ పాలగుచున్నవి. అంతకంటె సిగ్గుకరమైనది, ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారిని చనిపోయిన తరువాత కులమును బట్టి వేరువేరు మూలల పూడ్చుట. కడబూర ధ్వనికి లేచునప్పుడు ఏ మూలవారు ముందు లేతురని ఎంచుచున్నాము?

దక్షిణమున తిరునల్వేలి ప్రాంతములో 1874లో పుట్టిన అజరయ్యగారు తెలుగు దేశమునకు వచ్చి, 1912లో దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషిక్తులై, 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే నిద్రించి ఆ నేలలోనే ఉంచబడిరి. పుట్టిన ఊరు వేరు, భాష వేరు. సేవచేసిన జనుల మధ్య ఆయన పునరుత్థానము కొరకు కనిపెట్టుచున్నారు. సంఘము ఒకే కుటుంబమని చెప్పుటకు ఆ సమాధి కూడ ఒక సాక్ష్యము.

కొన్ని మనవులు

శతవత్సర జ్ఞాపకార్థముగా మన సంఘములు ఈ కొద్ది తీర్మానములు చేసికొనవలెనని వినయముతో కోరుచున్నాము.

మొదటిది, ప్రతి సంఘము తన సమాధి స్థలమునకు హక్కు పత్రములు, కొలతలు, ప్రహరీ సరిచూచుకొనవలెను. లేనిచో సంపాదించు ప్రయత్నము చేయవలెను. అందులో కులపు గీత ఉండరాదు.

రెండవది, భూస్థాపన ఖర్చులకు ఒక చిన్న నిధి ఉండవలెను. బీదవారికి శవపేటిక కొరకు తిరుగవలసిన గతి పట్టరాదు.

మూడవది, స్త్రీల మైత్రి, యువజన సమాజము కలిసి ఆదరణ పట్టికను ఉంచవలెను. నలువదియవ దినమున, ఆరవ నెలలో, మొదటి క్రిస్మసున, మొదటి సంవత్సరీకమున ఎవరైన ఇద్దరు ఆ ఇంటికి పోయి ఒక గంట కూర్చుండవలెను. పోయినవారి పేరు నోరార ఎత్తవలెను. పేరు ఎత్తినచో ఏడ్పు వచ్చునని భయపడి అందరును మానుకొందురు. ఆ ఇంటివారు ఆ పేరు వినుటకే ఆశపడుచుందురు.

నాలుగవది, విధవరాండ్రకు రావలసిన పింఛను, మరణ ధ్రువీకరణ పత్రము, బ్యాంకు కాగితములు మొదలగు పనులలో చదువుకొన్న యౌవనస్థులు తోడు పోవలెను. ఆఫీసు గుమ్మములో నిలువబడుట కూడ ఆదరణ పరిచర్యయే.

పునరుత్థాన పండుగనాడు తెల్లవారుజామున మనము సమాధుల తోటకు పోయి, సున్నము వేసిన సమాధులమీద పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, కీర్తనలు పాడుదుము. మన నేల క్రైస్తవులు ఎంతో ప్రేమించు ఆచారమిది. ఆ ఉదయపు మొదటి కథను మరువకుందము. పునరుత్థానుడైన ప్రభువు మొదట కనబడినది సమాధియొద్ద ఏడ్చుచు నిలిచిన మగ్దలేనే మరియకు. ఆమె ఏడ్చుచున్నందుకు ఆయన గద్దింపలేదు. ఎందుకు ఏడ్చుచున్నావని అడిగెను, పేరుపెట్టి పిలిచెను. అడుగుట, వినుట, పేరుపెట్టి పిలుచుట: నూరేండ్లు దాటిన సంఘము దుఃఖించు ఇంటి గుమ్మములో చేయదగిన పని ఇదియే. మన భూస్థాపనల రిజిస్టరులోని పేర్లన్నిటిని ఆయన ఆ విధముగానే ఒక దినమున పిలుచును.

అట్టి నిరీక్షణకు పాత్రులుగా జీవించుటకును, ఒకరి భారములను ఒకరము భరించుటకును ప్రభువు మనకందరికిని సహాయము చేయును గాక. ఆమేన్.